కిబేరాలో మూడు గంటల నడక: గైడుకు నూటికి నూరు, బడి చూపించినందుకు సున్నా

మే నెలలో కెన్యా రాజధాని నైరోబీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, కిబేరా బస్తీని నడిపించి చూపించే ఒక సంస్థ వాళ్లతో గురువారం పొద్దున బయల్దేరాను. మనిషికి 3,000 షిల్లింగులు, మూడు గంటలు. గుంటూరు జిల్లాలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, మార్కులు వేయకుండా ఉండలేను.

గైడు అక్కడే పుట్టి పెరిగిన కుర్రవాడు. మాతో వచ్చిన ఒకాయన "ఇక్కడ పది లక్షల మంది ఉంటారట కదా" అనగానే, 2009 జనాభా లెక్కల్లో తేలింది సుమారు 1,70,000 అని చెప్పి, పెద్ద అంకె అయితే విరాళాలు బాగా రాలతాయని నవ్వాడు. లెక్క తెలిసిన మనిషి అనుకున్నాను. కిబేరా అంటే నూబియన్ల మాటలో అడవి. ఆ నూబియన్లు, అంటే బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన సూడాన్ సిపాయిలు, మొదట కాపురం పెట్టింది ఇక్కడేనట. బస్తీ మధ్యలోంచి పోయే రైలు పట్టాల మీద నన్ను ఆపి, "మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు వేయడానికి 1896 నుంచి మీ దేశం కూలీలు 30 వేల మందికి పైగా వచ్చారు, మ్వాలిము" అన్నాడు. మ్వాలిము అంటే టీచరు. పట్టాల పక్కనే ఒకామె పెనం మీద చపాతీలు కాలుస్తోంది. వాళ్లూ చపాతీ అనే అంటారు. కొట్టును దుకా అంటారు, డబ్బును పేసా అంటారు. పొర విడిపోయేలా కాల్చిన ఆ చపాతీకి కూడా నా మార్కులు పూర్తిగా పడ్డాయి.

తర్వాత చర్చి. రేకుల షెడ్డు, మట్టి నేల, ముందు చిన్న వేదిక. మామూలు రోజుల్లో అదే బడి. మధ్యలో ప్లైవుడ్ చెక్కలు అడ్డంగా నిలిపితే మూడు తరగతులవుతాయి. ఒక గదిలో గుణింతాలు చదివితే పక్క గదిలోనూ వినిపిస్తాయి. కెన్యాలో 2003 నుంచి ప్రభుత్వ ప్రాథమిక విద్య ఉచితమే గాని, అలాంటి బడి దగ్గర్లో లేనివాళ్లకు ఇదే దిక్కు.

మేం వెళ్లేసరికి నాలుగో తరగతి వాళ్లకు భాగహారం జరుగుతోంది. బోర్డు మీద 364ను 7తో భాగించాలి. పైన 5 వేశారు, 36లోంచి 35 తీశారు, కింద 1 మిగిలింది. పక్కన ఉన్న 4ను దించబోతున్న టీచరమ్మ మమ్మల్ని చూసి సుద్దముక్క పట్టుకుని అలాగే ఆగిపోయింది. సంస్థ తరఫున మాతో వచ్చిన రెండో మనిషి చప్పట్లు కొట్టాడు. పిల్లలంతా లేచి పాట అందుకున్నారు. ఒకటి కాదు, మూడు పాటలు. ఫోన్లు పైకి లేచాయి. మా బడికి తనిఖీ అధికారి వచ్చిన రోజున మేమూ పిల్లల చేత ఇలాగే పాడించేవాళ్లం, కాకపోతే అది ఏడాదికి ఒకసారి. వీళ్లకు వారానికి మూడుసార్లట. చివరి బెంచీలో ఒక పిల్లవాడు నోటితో పాట పాడుతూనే నిలబడి నోటుబుక్కులో లెక్క పూర్తి చేస్తున్నాడు. నేను మెడ చాచి చూశాను. 52. సరిగ్గానే వేశాడు.

బయటికొచ్చాక, పాఠం ఆపకుండా చూపించలేరా అని ఆ రెండో మనిషిని అడిగాను. "అతిథులకు ఇదే ఇష్టం మేడమ్" అన్నాడు. టికెట్టు డబ్బులో బడికి ఎంత వెళుతుందన్నదానికి "కొంత" అన్నాడు. కొంత అనేది అంకె కాదు.

గైడు పిలిస్తే ఆదివారం మళ్లీ వెళ్లాను, ఈసారి టికెట్టు లేకుండా. ప్లైవుడ్ చెక్కలు గోడకు చేరేశారు, పిల్లల బెంచీల మీద ఇప్పుడు పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఒకామె పాపను ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. రెండున్నర గంటలు స్వాహిలీలో ప్రార్థన, ఒక్క ముక్క అర్థం కాలేదు, విసుగూ రాలేదు. ఎవరూ నా కోసం పాడలేదు. కానుకల బుట్ట వచ్చింది. చిల్లర లేనివాళ్ల కోసం, ఫోన్‌లో డబ్బు పంపే ఎం-పేసా నంబరు అదే నల్లబల్ల మీద రాసి పెట్టారు.

మొత్తం మీద ఐదుకు మూడు. వెళ్లదలిస్తే బుక్ చేసేటప్పుడే బడి వద్దని చెప్పండి, సమయం పట్టాల దగ్గర గడపండి. మేలో అక్కడ వానలు, చలి కూడా ఉంటుంది. చెప్పులతో వెళ్లి ఒక జత బురదకు సమర్పించుకున్నాను, మీరు బూట్లు వేసుకోండి.