ఫ్రాస్ట్ క్లాత్: కొన్ని చలికాలాలు వాడాక

మొక్కల మీద గడ్డమంచు పేరుకోకుండా కప్పే పల్చటి తెల్ల గుడ్డ ఇది. నేసిన బట్ట కాదు, పాలీప్రొపిలీన్ పోగులను అతికించి చేస్తారు. గాలి, వాన నీరు లోపలికి పోతాయి. కొన్నేళ్లుగా ఆకులు రాలే కాలం చివర్లో బయటికి తీసి, చలి తగ్గేదాకా వాడుతున్నాను. పనికొచ్చే వస్తువే, కానీ ప్యాకెట్ మీద బొమ్మ చూసి ఆశపడినంత కాదు.

దీన్ని మందాన్ని బట్టి అమ్ముతారు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో అదే జీఎస్‌ఎం. 17 జీఎస్‌ఎం చవక, వెలుతురు బాగా వదులుతుంది. అయితే అది ఆపేది మహా అయితే రెండు డిగ్రీల చలి, పైగా గులాబీ ముల్లు తగిలినా చిరుగుతుంది. 50, ఆ పైవి చలిని బాగా ఆపుతాయి గానీ వెలుతురు బాగా తగ్గిపోతుంది, రోజుల తరబడి ఉంచితే ఆకులు పాలిపోతాయి. నాకు కుదిరింది 30.

"కప్పినా మొక్క పోయింది" అనే మాట తరచూ వింటాను. చాలాసార్లు తప్పు గుడ్డది కాదు, కప్పిన తీరుది. దుప్పటి లాగే ఇదీ వేడి పుట్టించదు. పగలు నేల దాచుకున్న వేడి రాత్రి పైకి పోకుండా ఆపుతుంది, అంతే. అందుకే అంచులు నేలను తాకాలి. కొమ్మలకు చుట్టి కాండం దగ్గర తాడు కట్టేస్తే నేల వేడి బయటే ఉండిపోతుంది. పొడి మట్టి కంటే తడి మట్టి ఎక్కువ వేడి దాచుకుంటుంది కాబట్టి, మంచు పడేలా ఉన్న రోజు పగలే నీళ్లు పెట్టి, పొద్దు వాలకముందే కప్పేస్తాను. గుడ్డ ఆకులకు అంటుకోకూడదు. తడిసి గడ్డకడితే, తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది. వంచిన పైపులు మడి మీద గుచ్చి వాటిపై పరిస్తే ఆ టెన్షన్ ఉండదు.

పాలకూర, లెట్యూస్ మడులకు దీని విలువ బాగా తెలుస్తుంది. డాలియాకు మాత్రం దండగ: నేల గడ్డకట్టే చోట, తొలి మంచుకు ఆకులు నల్లబడ్డాక దుంపలు తవ్వి లోపల పెట్టుకోవాల్సిందే. కుండీలకూ అంతంతమాత్రమే, వేర్లకు చుట్టూ చలి తగులుతుంది మరి. వాటిని గోడ పక్కకు జరిపి దగ్గర దగ్గరగా పెట్టడం మేలు. పై భాగం ఎండి, వేరు బతికుండే మొక్కలకు రాలిన ఆకులు మందంగా పరిస్తే చాలు, ఖర్చూ లేదు.

నా అసలు ఫిర్యాదు మన్నిక. ఎండకు రెండు మూడేళ్లలో పెళుసై పోగులు రాలతాయి. ఆ ప్లాస్టిక్ అంతా చివరికి మట్టిలోకే. పాత దుప్పట్లతో ఒకటి రెండు రాత్రులు గడిపేయొచ్చు గానీ, అవి తడిస్తే బరువు, పొద్దున్నే తీయకపోతే మొక్కకు వెలుతురు ఉండదు.

కొనేవాళ్లు వెడల్పు దగ్గర పిసినారితనం చూపించకండి. మడి 1.2 మీటర్లుంటే, పైపుల వంపుకు, అంచుల మీద ఇటుకలు పెట్టడానికి కలిపి 2.5 మీటర్ల గుడ్డ పడుతుంది. ఇక చలికాలం అయ్యాక బాగా ఆరబెట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో దాచండి. ఎలుకలకు గూడు కట్టుకోవడానికి ఇదంటే మహా ఇష్టం.