నియంగిరి కింద బుధవారం సంత, సంచిలో అనారెస్

ఒడిశాలోని రాయగడ అంటే మనవాళ్లకి మజ్జిగౌరమ్మ గుడి. ఆదివారం వెళ్లామా, మొక్కు తీర్చుకున్నామా, సాయంత్రం బండికి వచ్చేశామా, అంతే. దర్శనం నేనూ చేసుకున్నాను గానీ ఈసారి రెండు మూడు రోజులు అక్కడే ఉండి చాటికోన, మునిగుడ, లాంజిగఢ్ వైపు తిరిగాను. చదవడానికి సంచిలో ఉర్సులా లెగ్విన్ నవల ‘ది డిస్‌పొసెస్డ్’ పెట్టుకున్నాను. 1974లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ అది. దాన్ని ఎక్కడైనా చదువుకోవచ్చు. ఇక్కడ చదివితే మాత్రం పేజీకో చోట ఆగి కిటికీలోంచి చూడాల్సి వస్తుంది.

నవలలో రెండు లోకాలు. ఒకదాని ఆకాశంలో మరొకటి చందమామలా కనపడుతుంది. ఉర్రాస్‌లో నీళ్లు, అడవులు, డబ్బు, ఆస్తి, ప్రభుత్వాలు అన్నీ ఉన్నాయి. షెవెక్ అనే భౌతిక శాస్త్రవేత్త వెళ్లేది అక్కడి పెట్టుబడిదారీ దేశం అ-ఇయోకి. అతని సొంత లోకం అనారెస్ దాదాపు ఎడారి. ఓడో అనే ఆవిడ రాతలు నమ్మినవాళ్లు 170 ఏళ్ల కిందట ఉర్రాస్ వదిలి అక్కడికి వలస వెళ్లారు. అక్కడ రాజ్యం లేదు, జైళ్లు లేవు, డబ్బు లేదు. ఒక అధ్యాయం అక్కడ, ఒక అధ్యాయం ఇక్కడ అన్నట్టు కథ నడుస్తుంది కాబట్టి ప్రయాణాల్లో ఆపి ఆపి చదవడానికి ఇబ్బంది ఉండదు.

విజయనగరం నుంచి రాయగడకి రైలే మేలు. పార్వతీపురం దాటాక కొండలు పట్టాల పక్కకే వచ్చేస్తాయి, కూనేరు దాటితే ఒడిశా. భాష టెన్షన్ అక్కర్లేదు. రాయగడలో ఆటోవాళ్లు, హోటళ్లవాళ్లు, మందుల షాపువాళ్లు మనతో మన భాషలోనే మాట్లాడతారు. పొద్దున్న ఇడ్లీ, పూరీ, మధ్యాహ్నం పప్పు, చారుతో భోజనం దొరుకుతాయి. పక్కనే కూరగాయలేసిన ఒడియా పప్పు దాల్మా, కాల్చిన పనీర్ మిఠాయి ఛెనాపోడా. ఛెనాపోడా వదలకండి. తూగుడు వంతెన సాయంత్రం పూట పర్వాలేదు. దానికోసమే అంతదూరం వెళ్లాలా అంటే అక్కర్లేదు.

బస మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో. దుప్పటి శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు బకెట్ లెక్కన ఇచ్చారు, తెల్లారేవరకూ గూడ్సు బండ్ల మోత. ఇచ్చిన డబ్బుకి న్యాయమే. మర్నాడు మా బావ తెలిసినవాళ్లతో చెప్పించి ఒక కంపెనీ గెస్ట్ హౌస్‌లో గది ఇప్పించాడు. గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఎవరి తాలూకు, ఎందుకొచ్చారు అన్నీ రాయించుకున్నారు. లోపల గులాబీ మొక్కలు, ఏసీ, తెల్లటి తువ్వాళ్లు. బెల్లు కొడితే మా నాన్న వయసు మనిషి టీ తెచ్చి, కప్పు నేను ఖాళీ చేసేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. “కూర్చోండి బాబాయ్” అంటే “పర్లేదు బాబూ, అలవాటే” అన్నాడు.

షెవెక్‌కి ఉర్రాస్‌లో జరిగే మర్యాద కూడా ఇలాంటిదే. విశాలమైన గదులు, పక్కన ఎఫోర్ అనే పనివాడు. సొంత గది ఇస్తేనే తప్పు చేసినట్టు ముడుచుకుపోయే లోకం నుంచి వచ్చాడు షెవెక్. ఉర్రాస్‌కి వచ్చే అంతరిక్ష నౌకలో తన గదికి బయట తాళం వేశారని తెలిసినప్పుడు అతనికి అర్థమవడానికే కాసేపు పడుతుంది. సౌకర్యం మాటకొస్తే ఆ గెస్ట్ హౌస్‌కి పూర్తి మార్కులు వేస్తాను. కానీ మళ్లీ వెళ్తే లాడ్జికే వెళ్తాను.

అసలు చూడాల్సింది చాటికోనలో బుధవారం సంత. రాయగడ నుంచి పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కాక వెళ్తే సగం అయిపోతుంది. నియంగిరి కొండల మీంచి అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోందులు దిగుతారు. చలికాలం కాబట్టి పసుపు, అల్లం, చిక్కుళ్లు, అడ్డాకుల కట్టలు. ఒక షావుకారు తెలుగాయనే, వాళ్ల కువి భాషలో గలగలా బేరమాడుతున్నాడు. ఎదురుగా ఉన్నావిడకి ముక్కున మూడు పోగులు, జుట్టు నిండా క్లిప్పులు, వాటి మధ్య చిన్న కత్తి. ఆయన కాటా కొక్కేనికి ఆమె పసుపు మూట తగిలించి, తగిలించిన చేయి మాత్రం తీయలేదు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. మూట విప్పి నెత్తిన పెట్టుకుని పక్క కాటా దగ్గరికి పోయింది. షావుకారు నావైపు చూసి, “వీళ్లతో ఇదేనండి బాబూ” అన్నాడు. ఏది ఇదో నేను అడగలేదు.

అనారెస్‌కీ ఉర్రాస్‌కీ మధ్య ఇలాంటి సంత లేదు. ఒక రేవు, దాని చుట్టూ గోడ, ఏడాదికి ఎనిమిదిసార్లు సరుకు ఓడలు, అంతే. ఆ ఓడలు పాదరసం, రాగి, అల్యూమినియం, తగరం, బంగారం నింపుకుని ఉర్రాస్‌కి పోతాయి. స్వేచ్ఛా లోకం అసలు స్థితి ఒక గని కాలనీ. ఖనిజం పంపుతున్నంత కాలం దాని జోలికి ఎవరూ రారు. నవలలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టేసిన విషయం ఇదే, ఎందుకంటే మర్నాడే లాంజిగఢ్ వెళ్లాను.

మునిగుడలో రైలు దిగి లాంజిగఢ్‌కి కారు మాట్లాడుకోవాలి. అద్దె ముందే ఖాయం చేసుకోండి, వెయిటింగ్ పేరుతో తర్వాత పెంచుతారు. నియంగిరి పైన బాక్సైట్, అంటే అల్యూమినియం ముడి ఖనిజం. కొండ పాదాన వేదాంత శుద్ధి కర్మాగారం. కొండ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పిచ్చింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 ఊళ్లు జిల్లా జడ్జి సమక్షంలో కూర్చుని, పన్నెండూ వద్దన్నాయి. కర్మాగారం మూతపడలేదు, బయటి బాక్సైట్‌తో నడుస్తోంది. అనారెస్ వాళ్లు ఖనిజం ఇచ్చి స్వేచ్ఛ నిలబెట్టుకున్నారు, వీళ్లు ఇవ్వకుండానే కొండ నిలబెట్టుకున్నారు. లెగ్విన్ కథలో స్వేచ్ఛ ఉన్నచోట కరువు, డబ్బున్నచోట పచ్చదనం. ఇక్కడ పచ్చదనం, వాగులు అన్నీ కొండ మీదే, కర్మాగారం పక్కన ఎర్ర బురద చెరువు.

అలాగని డోంగ్రియాలని నవలలోని ఓడోవాదులు అనుకుంటే పొరపాటు. వాళ్లకి పూజారి జానీ ఉన్నాడు, పూనకంతో దేవుళ్లతో మాట్లాడే బెజుణి ఉంది, అన్నిటికీ పైన కొండదేవుడు నియమరాజు ఉన్నాడు. సిద్ధాంతం చదివి కొండెక్కినవాళ్లు కారు. పైగా లెగ్విన్ కూడా అనారెస్‌ని స్వర్గం చేసి చూపించలేదు. అక్కడ చట్టం లేదు గానీ నలుగురేమనుకుంటారో అన్న భయం ఉంది. పెద్దరికం లేదంటూనే సబుల్ అనే శాస్త్రవేత్త షెవెక్ రాసినవి తన పేరు కూడా కలపనిదే అచ్చు కానివ్వడు. ప్రభుత్వం లేనంత మాత్రాన గుమస్తా పోతాడని ఆవిడ నమ్మలేదు. ఉర్రాస్‌ని కూడా ఉత్త రాక్షస లోకంగా చూపించలేదు, అక్కడి పచ్చదనం చూసి లోకమంటే ఇలా ఉండాలి అనుకుంటాడు షెవెక్. రెండు లోకాలనీ పక్కపక్కన పెట్టి ఒకదానికి మార్కులేసే కథలు నాకు రుచించవు. ఇది అలాంటిది కాదు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. డోంగ్రియా ఊళ్లలోకి పర్యాటకులు వెళ్లడం మీద, ఫోటోల మీద ఒడిశా ప్రభుత్వ ఆంక్షలున్నాయి. సంతలో కూడా మొహమ్మీద ఫోన్ పెట్టకండి, అడిగినా చాలామంది వద్దనే అంటారు. వాళ్లు కుట్టే కప్డాగండా శాలువాకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కొనాలనుకుంటే కుట్టినవాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. కొండ అంచున ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. డిసెంబరు, జనవరిలో వెళ్తే స్వెట్టర్ తప్పనిసరి. గుడి, సంత రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే మంగళవారం రాయగడ చేరుకుని, అమ్మవారి దర్శనం చేసుకుని, రాత్రి స్టేషన్ దగ్గరే పడుకుని బుధవారం చాటికోన పోవడం అన్నిటికంటే సుళువు. లాంజిగఢ్‌కి ఇంకో పూట అట్టేపెట్టుకోండి.