నికొమాకియన్ ఎథిక్స్, ఇర్విన్ అనువాదం: ఏడో భాగం కోసం కొనాల్సిన ప్రతి

అరిస్టాటిల్ నీతిశాస్త్ర గ్రంథం ‘నికొమాకియన్ ఎథిక్స్’కి ఇంగ్లిష్ అనువాదాలు బోలెడు. 1925 నాటి డేవిడ్ రాస్ అనువాదాన్ని ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2009లో లెస్లీ బ్రౌన్ సవరణలతో మళ్లీ వేశారు. హాయిగా చదువుకుపోవడానికి అదే మేలు. గ్రీకు కూడా పక్కనే కావాలంటే లోబ్ సిరీస్‌లో రాకమ్‌ది ఉంది. కానీ తప్పని తెలిసి కూడా మనిషి ఆ పని ఎందుకు చేస్తాడన్న ప్రశ్న పట్టుకుని ఈ పుస్తకం దగ్గరికి వచ్చేవాళ్లు హాకెట్ ప్రచురించిన టెరెన్స్ ఇర్విన్ అనువాదం తీసుకోవాలి. మొదటి కూర్పు 1985, రెండోది 1999, మూడోది 2019.

ఇందులో వచనం కాస్త బిరుసు. మూలంలో లేని మాట కలపాల్సి వస్తే ఇర్విన్ దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టారు. మొదట్లో ఇవి కంటికి అడ్డుపడతాయి. వాదన చిక్కబడ్డ చోట మాత్రం అరిస్టాటిల్ అన్నదెంత, అనువాదకుడు పూరించినదెంత అన్నది వెంటనే తెలిసిపోతుంది. పుస్తకం వెనక వివరణలు, పారిభాషిక పదాల పట్టిక ఉన్నాయి. డబ్బు పెట్టేది వీటి కోసమే.

నిగ్రహం చర్చ ఏడో భాగం మొదటి పది అధ్యాయాల్లో నడుస్తుంది. అక్కడ ముఖ్యంగా నలుగురు కనిపిస్తారు. కోరికే సరైన తోవలో ఉన్న మితశీలి ఒకడు. చెడ్డ కోరిక పుట్టినా అణచుకునేవాడు రెండోవాడు. అణచుకోలేక జారిపోయి, తర్వాత బాధపడేవాడు మూడోవాడు. ఈ స్థితినే గ్రీకులో అక్రాసియా అంటారు. సుఖాల వెంట పడటమే సరైనదని ఎంచుకుని మరీ పడేవాడు నాలుగోవాడు. కొత్తవాళ్లు మొదటి ఇద్దరినీ కలిపేస్తారు. కోరికను గెలిచినవాడే గొప్పవాడని మనకు అలవాటైన లెక్క. అరిస్టాటిల్ లెక్కలో అసలు ఆ పోరే అక్కర్లేనివాడు పై మెట్టు మీద ఉంటాడు. మితశీలం గురించి చెప్పే మూడో భాగం 10–12 అధ్యాయాలు ముందు చదివితే తప్ప ఈ తేడా పట్టుబడదు.

‘జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః’ (ధర్మం తెలుసు, కానీ మనసు అటు పోదు) అని దుర్యోధనుడి నోట చెప్పించే శ్లోకం మనవాళ్లకు ఇక్కడ తప్పకుండా గుర్తొస్తుంది. పోలిక సగం వరకే కుదురుతుంది. ఆ శ్లోకంలో కనిపించని పశ్చాత్తాపం అక్రాసియా ఉన్నవాడికి ఉంటుంది, అందుకే అతను బాగుపడగలడని అరిస్టాటిల్ అంటాడు. ఏడో భాగం ఎనిమిదో అధ్యాయంలో అక్రాసియాను వచ్చిపోయే మూర్ఛతోనూ, నాలుగోవాడి చెడుగుణాన్ని వదలని జలోదరం, క్షయలతోనూ పోల్చాడు.

అన్నిటికన్నా కష్టమైనది ఏడో భాగం మూడో అధ్యాయం. తెలిసి ఎవడూ తప్పు చేయడన్నది సోక్రటీస్ మాట. జ్ఞానం కలిగి ఉండటం వేరు, దాన్ని వాడుకలో పెట్టడం వేరని అరిస్టాటిల్ విడదీస్తాడు. తాగినవాడు ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎంపెడోక్లీస్ పద్యాలు గడగడా చెప్పగలడు, అంతమాత్రాన అవి తెలిసినట్టు కాదు. ఒక్కసారి చదివి దాటేస్తే సోక్రటీస్‌ను పూర్తిగా కొట్టేశాడనిపిస్తుంది. 1147బి (అరిస్టాటిల్ రచనలకు అందరూ వాడే బెకర్ పేజీ సంఖ్య, అంచున ఉంటుంది) దగ్గర ఆగి చూడండి: సోక్రటీస్ కోరిన ఫలితమే ఒక విధంగా తేలుతున్నట్టుందని అరిస్టాటిలే ఒప్పుకుంటాడు. ఈ రెండు మూడు పేజీలకు ఇర్విన్ వివరణలు పక్కన లేకుండా ముందుకు పోవద్దు.

లోపాలూ ఉన్నాయి. వివరణలన్నీ చివర ఉండటంతో రెండు చోట్ల గుర్తుకాగితం పెట్టుకోక తప్పదు. అక్రాసియాకు ఇర్విన్ వాడిన ‘ఇన్‌కాంటినెన్స్’ ఇప్పుడు ఆస్పత్రి మాట, మూత్రం ఆగకపోవడానికి వాడేది, విద్యార్థులు బెదిరిపోతారు. ఇంకోటి, వివరణలు తటస్థంగా ఉండవు. ఇర్విన్‌కు తనదైన అన్వయం ఉంది, దాని పక్షానే వాదిస్తారు. వాటిని తీర్పుగా కాక ఒక పక్షం వాదనగా తీసుకోండి.

మొదటి పేజీ నుంచి వరసగా చదవబోయేవాళ్లు ఐదో భాగంలో న్యాయం చర్చ దగ్గర చతికిలపడతారు. దానికన్నా ఈ వరస నయం: మొదటి భాగం 7వ అధ్యాయం (ఆనందం అంటే ఆ పూట కలిగే సంతోషం కాదని, జీవితమంతా సద్గుణంతో సాగే పని అని అక్కడే వస్తుంది), రెండో భాగం 1–6, మూడో భాగం 10–12, ఏడో భాగం 1–10, చివరికి పదో భాగం 6–9. సుఖం మీద చర్చ ఏడో భాగం చివర ఒకసారి, పదో భాగం మొదట్లో మరోసారి వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడుస్తాయి. ఏడో భాగం అరిస్టాటిల్ మరో నీతిగ్రంథం ‘యుడీమియన్ ఎథిక్స్’లో కూడా ఉన్న ఉమ్మడి భాగాల్లో ఒకటి కావడం దీనికి కారణమని చాలామంది పండితుల అభిప్రాయం. వాటిని బలవంతంగా అతికించే ప్రయత్నం చేయకండి.

పాత పుస్తకాల్లో రెండో కూర్పు చవగ్గా దొరికితే సందేహించక్కర్లేదు. అంచున బెకర్ సంఖ్యలు ఉన్నాయి కాబట్టి ఏ వ్యాసంలోని ఉటంకింపునైనా ఇందులో వెతికి పట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మాత్రం అనువాదకుడి పేరు చూసుకోండి. అదే హాకెట్, అదే శీర్షికతో 2014లో సి.డి.సి. రీవ్ అనువాదాన్నీ వేసింది. అది వేరే పుస్తకం.