డాబాగార్డెన్స్ పాత పుస్తకాల దుకాణంలో దొరికిన కోచ్ జీవితం

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణానికి నేను ఇరవై ఏళ్లుగా వెళ్తున్నాను. డిగ్రీ కళాశాలలో వ్యాయామ అధ్యాపకుడిగా నాకు కావలసిన పుస్తకాలు పోటీ పరీక్షల గైడ్ల మధ్య సులభంగా కనిపించవు. ఈసారి నేను అడిగింది మరీ అరుదైనది: అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, గ్రాంబ్లింగ్ స్టేట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా పనిచేసిన ఎడ్డీ రాబిన్సన్ జీవిత కథ. అది మన ఫుట్‌బాల్ కాదని, కోలబంతిని చేత పట్టుకొని పరుగెత్తే ఆట అని వివరించవలసి వచ్చినా, దుకాణదారు విసుగు చూపకుండా పేరు నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆరు వారాల తర్వాత, బయటి ఊరి నుంచి వచ్చిన మూటలో అది ఉందని ఫోన్ చేశారు.

ధర 350 రూపాయలు. అట్ట మూల నలిగిందని, రెండు బొమ్మల పుటలు ఊడాయని డబ్బు తీసుకోకముందే చూపించారు. సముద్రపు గాలికి కాగితం ఉబ్బిపోయే ఈ ఊళ్లో, ప్రతి పుస్తకాన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, అరల్లో ఎండు వేపాకు వేసే శ్రద్ధ ఆ దుకాణంలో ఉంది.

ఇక ఆ జీవితం. దాణా మిల్లులో కూలికి పనిచేస్తున్న రాబిన్సన్‌కు 1941లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఆ ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాదే ఆయన జట్టు ఆడిన 9 ఆటలూ గెలవడమే కాక, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. మైదానంలో గడ్డి కోయడం, గీతలు గీయడం, ఆట వార్త రాసి పత్రికలకు పంపడం కూడా ఆయన పనులే. నల్లజాతి విద్యార్థులను హోటళ్లలోకి రానివ్వని ఆ కాలంలో, ప్రయాణాల్లో వారికి శాండ్‌విచ్‌లు తానే చేసి పెట్టేవారు. ఆ భాగాన్ని నేను రెండుసార్లు చదివాను. అంతర కళాశాలల పోటీలకు పిల్లలను రైల్లో తీసుకువెళ్లేటప్పుడు వారి భోజనం సంగతి ముందుగా చూసుకోవలసింది ఎవరో నాకు అక్కడ స్పష్టమైంది.

1985లో 324వ విజయంతో, అప్పటికి కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యధిక విజయాలున్న కోచ్ బేర్ బ్రయంట్‌ను దాటిన రాబిన్సన్, 1997లో విరమించే నాటికి 408 ఆటలు గెలిపించారు. ఆయన శిష్యుడు డగ్ విలియమ్స్ 1988 జనవరిలో సూపర్ బౌల్ (అక్కడి వృత్తి ఫుట్‌బాల్ ఫైనల్) గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) అయ్యాడు. ఇన్నేళ్లూ రాబిన్సన్ కళాశాల మారలేదన్నది నాకు అంకెలన్నిటికంటే పెద్ద విషయం.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటుండదు, క్రీడల పుస్తకాలకు విడిగా అర లేదు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు తలుపు మూసి ఉంటుంది. అయినా అడిగిన పుస్తకం కోసం వెతికిపెట్టే మనిషి ఉన్నందున, అధ్యాపకులు ఒకసారి వెళ్లి చూడాలని కోరుతున్నాను. రాబిన్సన్ విజయాల లెక్కను 2003లో దాటి, చివరకు 489 దగ్గర ఆగిన మరో అమెరికన్ కళాశాల కోచ్ జాన్ గలార్డీ తన సాధనలో ఆటగాళ్లను ఒకరినొకరు పడగొట్టనివ్వలేదట. అది ఎలా సాగిందో తెలుసుకోవాలని, ఆయన పేరును కూడా అదే నోటుపుస్తకంలో రాయించి వచ్చాను.