కాలువ గట్టున నెల రోజుల హిప్ హాప్ శిబిరం: పిల్లల్ని పంపిన మీదట నా అభిప్రాయం

గత వేసవిలో అమలాపురానికి కొద్ది దూరంలో, కాలువ లాకుల పక్కన మూతపడిన రైస్ మిల్లు గోదాములో నెల రోజులు జరిగిన హిప్ హాప్ (దరువు మీద ప్రాసతో మాటలు పాడే రాప్, బ్రేకింగ్ అనే నాట్యం, డీజే, గోడ మీద గ్రాఫిటీ బొమ్మలు కలిసిన వీధి కళ) శిబిరానికి మా మేనల్లుణ్ణి, మా అమ్మాయిని పంపాను. వాడు ఇంటర్ రెండో సంవత్సరం, అమ్మాయి తొమ్మిదో తరగతి. మొత్తం 26 మంది చేరారు. రుసుము మనిషికి 1,500 రూపాయలు. ఇచ్చుకోలేని వాళ్ళను అడగలేదు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. సెలవులు కావడంతో దాదాపు రోజూ వెళ్ళి గోడ వారగా స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఈ ఏడాది మళ్ళీ శిబిరం పెడతారన్న మాట వినపడగానే "ఆ గంతులు మన పిల్లలకి ఎందుకండీ మాస్టారూ" అని అడుగుతున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వారి కోసం చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పంపడానికి కారణం పాట మీద ప్రేమ కాదు. అంతకు ముందు సంక్రాంతికి మా సెంటర్లో ఒక ఫ్లెక్సీ చిరిగింది. ఎవరు చింపారో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ రాత్రి రెండు వీధుల కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని వంతెన మీద కలబడ్డారు, మా వాడు కనుబొమ పైన నాలుగు కుట్లతో ఇంటికి వచ్చాడు. డెల్టాలో పుట్టి పెరిగిన వారికి ఇది కొత్త కథ కాదు. ఫ్లెక్సీ, ఊరేగింపు, విగ్రహం, అభిమాన హీరో, పక్క వీధి ముందు ఆగి మోగిన డీజే, వీటిలో ఏదైనా చాలు, అడుగున ఉన్న కులం పైకి తేలడానికి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లాకు డాక్టర్ అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద అదే ఏడాది మే 24న అమలాపురంలో గొడవలు చెలరేగి మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఆ కేసుల్లో ఇరుక్కుని ఉద్యోగాల దరఖాస్తులు కూడా పెట్టుకోలేక తిరిగిన కుర్రాళ్ళు నా దగ్గర చదువుకున్న వారిలోనూ ఉన్నారు. అందుకే, కొట్లాటలకు దిగే వయసు పిల్లలను రెండు వైపుల నుంచీ ఒకే చోట కూర్చోబెడతామని ఎవరైనా అంటే, అది ఏ కళ అయినా సరే, పంపి చూడాలనుకున్నాను.

శిబిరం నడిపినవారు ముగ్గురు, విశాఖపట్నం నుంచి వచ్చిన పాతికేళ్ళ వాళ్ళు. మొదటి రోజు వాళ్ళు పాట పెట్టలేదు, న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతం గురించి చెప్పారు. ఇళ్ళ మధ్య నుంచి పెద్ద రహదారి వేయడంతో కుటుంబాలు చెదిరిపోయిన సంగతి, ఇళ్ళు తగలబడిన సంగతి, వీధికొక ముఠా పుట్టిన సంగతి చెప్పారు. 1971 డిసెంబరులో ఘెట్టో బ్రదర్స్ అనే ముఠాకు చెందిన బ్లాక్ బెంజీ అనే యువకుడు రెండు ముఠాల మధ్య రాజీ చేయబోయి హత్యకు గురయ్యాడు. అందరూ పగ తీర్చుకుంటారనే అనుకున్నారు. కానీ ఆ ముఠా పగకు పోకుండా డిసెంబరు 8న హో అవెన్యూలో మిగిలిన ముఠాలన్నిటినీ పిలిచి కూర్చోబెట్టింది. ఒకరి వీధిలోకి మరొకరు భయం లేకుండా నడిచి వెళ్ళే వీలు ఆ తర్వాతే పెరిగింది. 1973 ఆగస్టు 11న, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో, చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్ అనే యువకుడు రికార్డులు వేశాడు. హిప్ హాప్ పుట్టినరోజుగా లోకం లెక్కపెట్టేది ఆ రాత్రినే. ఈ కథను పిల్లలు కదలకుండా విన్నారు. కథ అయ్యాక ఒక కుర్రాడు "అయితే వాళ్ళకీ సెంటర్ గొడవలేనా అన్నా?" అని అడిగాడు. నాకు మాత్రం రాజీకి వెళ్ళి చనిపోయినవాడి దగ్గరే మనసు ఆగిపోయింది.

ఇక్కడ డీజే అనే మాట గురించి చెప్పాలి. మా వైపు డీజే అంటే మనిషి కాదు, వ్యాను మీద నిలువెత్తు కట్టిన సౌండు బాక్సులు. అవి వీధిలోకి వస్తే కిటికీ రెక్కలు అదురుతాయి, గుండె జబ్బు ఉన్న ముసలివాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటారు, సగం గొడవలు ఆ బాక్సుల ముందే మొదలవుతాయి. శిబిరంలో ఆ మాటకు అసలు అర్థం చూపించారు. పాటలో గాత్రం ఆగిపోయి వాద్యాల మోత ఒక్కటే మిగిలే కొద్ది క్షణాల భాగాన్ని, ఒకే రికార్డు రెండు ప్రతులను పక్కపక్కన తిప్పుతూ హెర్క్ ఎలా సాగదీశాడో, ఆ భాగం మీద ఆడే ఆటకే బ్రేకింగ్ అనే పేరు ఎలా వచ్చిందో ల్యాప్‌టాప్ మీద చేసి వినిపించారు. తర్వాత పేటకు చెందిన ఒక కుర్రాడు ఇంటి నుంచి డప్పు తెచ్చి, గడ్డి మంట మీద కాచి, నాలుగు దరువులు వేశాడు. చావు దగ్గర కొట్టేదని మొదట కొందరు మొహం చిట్లించారు. శిక్షకుడు ఏమీ అనకుండా అందులో రెండు సెకన్ల ముక్కను రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ మోగేలా తిప్పాడు. నెలాఖరు దాకా మిగిలిన 25 మందీ పాడింది ఆ దరువు మీదే. ఆ కుర్రాడు ఊళ్ళో నాకు చాలాసార్లు ఎదురుపడ్డవాడే, అయినా అంత నిటారుగా నిలబడగా అంతకు ముందు చూడలేదు.

నాకు బాగా తెలిసిన విషయం పద్యం కాబట్టి రాప్ తరగతినే ఎక్కువ శ్రద్ధగా గమనించాను. తెలుగులో క్రియ వాక్యం చివర్న చేరి ఒకే ప్రత్యయంతో ముగుస్తుంది గనుక "వచ్చాను, చూశాను, కొట్టాను" అంటూ పోతే అంత్యప్రాస దానంతటదే పడుతుంది. మొదటి వారం అందరూ అదే రాశారు, అన్నీ గొప్పలే. రెండో వారం శిక్షకుడు 'ఆను'తో ముగిసే పాదం రాయకూడదని నిబంధన పెట్టాడు. చిన్న నిబంధనే గానీ, దానితో రాత మొత్తం మారిపోయింది. క్రియ లేకపోవడంతో గొప్పలు పోయి నామవాచకాలు వచ్చాయి, వాటితో ఊరు వచ్చింది: లాకు, రేవు, పంటు, కొబ్బరి దింపు, రొయ్యల చెరువులో రాత్రంతా తిరుగుతూ నీటికి గాలి అందించే ఏరియేటర్, గల్ఫ్ నుంచి వచ్చే అమ్మ ఫోను. ముప్పై ఏళ్ళుగా వ్యాసరచన పోటీలు పెడుతున్న నాకు ఈ ఉపాయం తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

శిబిరంలో అన్నిటికన్నా విలువైనది సైఫర్. అందరూ గుండ్రంగా నిలబడతారు, ఒకరి తర్వాత ఒకరు మధ్యలోకి వచ్చి పాడతారు. కులం పేరు, పార్టీ పేరు, హీరో పేరు ఎత్తకూడదు, తల్లినీ చెల్లినీ తిట్టకూడదు. ఎవరికైనా జవాబు చెప్పాలంటే ముందు వాడి చివరి పాదంలోని మాటను అందుకుని మొదలుపెట్టాలి. రెండో రోజే మా వాడు ఇంటికి వచ్చి "మావయ్యా, వాడు మనల్ని అంటే మనం వెంటనే అనకూడదంట, ముందు వాడి మాట మన నోటితో చెప్పాలంట" అని విసుక్కున్నాడు. మన పద్యాల్లో ముక్తపదగ్రస్తం అని ఒక అలంకారం ఉంది, విడిచిన పదాన్ని మళ్ళీ పట్టుకుని తర్వాతి పాదం ఎత్తుకోవడం. పిల్లలకు ఆ పేరు తెలియదు. మూడో వారంలో ఒక రోజు, వంతెన మీద మా వాడికి ఎదురు నిలిచిన గుంపులోని కుర్రాడే మధ్యలోకి వచ్చి ఇలా అందుకున్నాడు:

లంక మీద ఇల్లు మాది, వరదొస్తే గట్టు మాది
గట్టు మీద బరకమేసి రాత్రి వాన లెక్క మాది

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒక్కో సగానికి పన్నెండు మాత్రలు, ఎక్కడా తడబాటు లేదు. అమలాపురం తగలబడిన రెండు నెలలు తిరగకముందే, 2022 జులైలో గోదావరి పొంగి లంకలన్నీ మునిగాయి. అప్పుడు ఆ కుర్రాడి కుటుంబం ఏటిగట్టు మీదే ఉంది. మా అక్క వాళ్ళూ అదే గట్టు మీద, ఒక ఫర్లాంగు అవతల ఉన్నారు. మా వాడు చాలాసేపు ఊరుకున్నాడు. దరువు రెండు చుట్లు తిరిగింది. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు:

గట్టు మీద నేను కూడ, గంజి కాచు పొయ్యి మాది

గట్టు, గంజి అని యతి కూడా కుదిరింది, వాడికి తెలియకుండానే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పక్క కుర్రాడు "గంజి కాచు" అని అందుకుని తన వంతు మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ స్నేహితులైపోయారని నేను రాస్తే అది అబద్ధం. ఇంటికి వేర్వేరుగానే వెళ్ళారు. కానీ ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా నిలబడటం, ఆ మాటను నోటితో పలకడం, అప్పుడు గానీ తన మాట అనకపోవడం అనేవి ఆ ఈడు పిల్లలకు నెల రోజులపాటు రోజుకు గంటన్నర సాధన చేయించే చోటు మా మండలంలో ఇంకొకటి నాకు కనపడలేదు. మా బళ్ళో కూడా లేదు.

నాట్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. సిమెంటు నేల మీద తిరిగితే మోచేతులు కొట్టుకుపోతాయని పాత ఫ్లెక్సీలు తెచ్చి పరిచారు. నునుపుగా ఉంటాయి, వీపు మీద తిరగడానికి బాగుంటాయి. బొమ్మ వైపు కిందికి, తెల్ల వైపు పైకి వేశారు, ఏ నాయకుడి మొహం మీదా ఎవరి కాలూ పడకూడదని. ఏ ఫ్లెక్సీల కోసం తలలు పగిలాయో అవే పరుపులయ్యాయని చూస్తూ నేను చాలాసేపు కూర్చున్నాను. మోకాలి ప్యాడ్లు మాత్రం సరిపడా లేవు, ఒక పిల్లవాడికి మణికట్టు బెణికింది. ఇక, కరపత్రంలో ఒలింపిక్ క్రీడ అని వేశారు. బ్రేకింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఉన్న మాట నిజమే, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలో లేదు. ఆ ఆశతో ఎవరూ పిల్లల్ని పంపనక్కరలేదు. గోడల మీద గ్రాఫిటీ రెండు రోజులే నేర్పారు, దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు.

శిక్షకులకు మన సొంత సరుకు గురించి ఇంకొంచెం తెలిస్తే బాగుండేది. చెన్నైలో సినీ దర్శకుడు పా. రంజిత్ చొరవతో 2017లో ఏర్పడిన ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం అక్కడి పేటల్లో పుట్టిన గానా పాటను రాప్‌తో కలిపి కులం మీద పాడిన తీరును వీడియోల్లో చూపించారు, మంచిదే. కానీ బుర్రకథ గురించి ఒక్క మాట చెప్పలేదు. మధ్యలో కథకుడు, అటూ ఇటూ వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. 1940లలో వామపక్ష కళాకారుల సంఘమైన ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథకుడు షేక్ నాజర్ ఊరూరా తిరిగి జనాన్ని కదిలించింది ఈ ఏర్పాటుతోనే. రాప్ పాడేవాడి పక్కన మాట అందించే వాడు మన వంతదారే కదా. ఆ సంగతి నేను చెప్పాక ఒక రోజు నన్నే మాట్లాడమన్నారు. జాతర్లలో గరగ నృత్యం చేసే వాళ్ళను, డప్పు గురువులను కూడా తలో రోజు పిలిస్తే పిల్లలకు ఇది దిగుమతి సరుకు అనిపించదు.

లోపాల్లో మొదటిది ఆడపిల్లల సంగతి. 26 మందిలో వాళ్ళు అయిదుగురే. సైఫర్ సాయంత్రం ఆరున్నరకు మొదలై ఎనిమిదింటికి ముగిసేది, చీకటి పడుతోందని వాళ్ళు దాని ముందే ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. అంటే కట్టిన రుసుములో ముఖ్యమైన భాగం వాళ్ళకు అందలేదు. మా అమ్మాయి గట్టిగా అడిగితే చివరి పది రోజులు పొద్దున్న ఏడింటికి మార్చారు. అలా మార్చడం సాధ్యమేనని తేలింది కాబట్టి, మొదటి రోజు నుంచే అలా పెట్టాల్సింది.

రెండోది ఇంకా బరువైనది. రాయమంటే పిల్లలు నిజాలు రాస్తారు. ఒక పిల్లవాడు తాగి వచ్చే తండ్రి గురించి, రాత్రి తల్లితో కలిసి కొబ్బరి తోటలో దాక్కోవడం గురించి పాడి అక్కడే కూలబడిపోయాడు. శిక్షకులు మంచివాళ్ళు, కానీ వాళ్ళకు ఏం చేయాలో తెలియలేదు, నీళ్ళిచ్చి భుజం తట్టారు. గాయం బయటపెట్టించే చోట దాన్ని చూసే మనిషి కూడా ఉండాలి. కనీసం పిల్లల కోసం ఉన్న 1098 నంబరు గోడ మీద రాసి ఉండాలి, ఆ నంబరుకు ఎప్పుడు ఫోను చేయాలో శిక్షకులకు తెలిసి ఉండాలి. ఈ సారి చేరేముందు ఈ విషయం అడగండి.

ముగింపు సభ గురించి బాధతోనే రాస్తున్నాను. వేదిక మీద పెద్దలు గంటన్నర మాట్లాడారు, శాలువాలు కప్పుకున్నారు, పిల్లలకు మిగిలింది పదకొండు నిమిషాలు. డప్పు కుర్రాడి వంతు రానే లేదు.

ఆ తర్వాత వినాయక చవితి నిమజ్జనం రోజు రెండు ఊరేగింపులు అదే వంతెన దగ్గర ఎదురుపడ్డాయి, మాటా మాటా పెరిగింది. మా వాడు దూరంగా నిలబడ్డాడు, ఆ లంక కుర్రాడు కూడా. కానీ శిబిరంలో చేరిన మరో ఇద్దరు అందరికన్నా ముందున్నారు. శిబిరం ముగిశాక వాళ్ళను మూడు నెలలుగా ఎవరూ పిలవలేదు, ఎక్కడా కలవనివ్వలేదు. నేను అయిదుకు మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నది అందుకే. తగ్గించిన దాంట్లో సగం ఈ మూడు నెలలకే.

ప్రస్తుతం ఏర్పాటు ఇది. గోదాము తాళం ఇవ్వమని మిల్లు యజమానిని అడిగాం, కరెంటు బిల్లు కట్టుకుంటే ఆదివారాలు వాడుకోమన్నారు. పన్నెండు కుటుంబాలం నెలకు వంద రూపాయలు చొప్పున వేసుకుంటున్నాం. ప్రతి ఆదివారం పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా సైఫర్ ఉంటుంది, శిక్షకుడు పక్షానికి ఒకసారి విశాఖ నుంచి బస్సులో వస్తున్నాడు. పోయిన వారం తొమ్మిది మంది వచ్చారు, అందులో నలుగురు ఆడపిల్లలు. వంతెన మీద ముందున్న ఆ ఇద్దరిలో ఒకడు లోపలికి రాకుండా లాకు పలకల మీద కూర్చుని వింటున్నాడు. మా వాడు మంచినీళ్ళ సీసా తీసుకుని బయటికి వెళ్ళాడు.