చేతికి సరిపడే గట్టింగ్: నాలుగేళ్ల అనుభవం

నల్లగొండలో సిమెంటు కోర్టు మీద వారానికి మూడు రోజులు పొద్దున్నే టెన్నిస్ ఆడతాను. వయసు నలభై నాలుగు. నాలుగేళ్లుగా రాకెట్ ఒక్కటే, గట్టింగ్ మాత్రం, అంటే రాకెట్‌కి బిగించే తీగలు, మూడు రకాలు మార్చాను.

మొదట వేయించింది పాలియెస్టర్ తీగ, 55 పౌండ్ల టెన్షన్, అంటే తీగ బిగువు. కాలేజీ పిల్లలంతా అదే వాడుతున్నారు, 1997లో బ్రెజిల్ ఆటగాడు కుయెర్టెన్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది కూడా అలాంటి తీగతోనే. బంతి బాగా తిరిగింది, ఆ మాట కాదనలేను. పైగా తీగ తెగలేదు. నన్ను దెబ్బతీసింది అదే. గట్టింగ్‌కి వంద కిలోమీటర్లు పోయి హైదరాబాదులో ఇచ్చి వస్తాను కదా, తెగలేదంటే ఖర్చు తప్పిందని ఎనిమిది నెలలు అలాగే ఆడాను. పాలియెస్టర్ తెగకముందే చచ్చిపోతుంది. టెన్షన్ జారిపోతుంది, సాగే గుణం పోతుంది, కొట్టిన ప్రతి దెబ్బా చేతికే తగులుతుంది. ఒక పొద్దున నీళ్ల బిందె ఎత్తబోతే మోచేతి బయటివైపు సూది దిగినట్టయింది. ఆరు వారాలు ఆట బంద్. బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా కొట్టే అలవాటు కూడా ఉంది నాకు, తప్పంతా తీగదే అనను.

గట్టింగ్ చేసే అతను రాకెట్ చూడగానే అన్నాడు: "ఇది తెగకున్నా రెండు నెలలకే కోసెయ్యాలె సార్."

తర్వాత మల్టీఫిలమెంట్‌కి మారాను. విల్సన్ ఎన్‌ఎక్స్‌టీ, 1.30 మిల్లీమీటర్లు, 52 పౌండ్లు. సన్నని పోగులెన్నో కలిపి చేసిన తీగ ఇది. మొదటి రోజే చేతికి తేడా తెలిసింది. దీని బాధ వేరు. ఐదో వారానికి నిలువు తీగల మీద నూగు లేస్తుంది, పక్కకు జరిగిన తీగలను వేళ్లతో సర్దుకోవాలి, రెండు నెలలకు తెగుతుంది. అయినా మోచెయ్యి మళ్లీ నొప్పి పెట్టలేదు. నాకు అదే కావాలి.

మధ్యలో ఒకసారి నిలువు మల్టీ, అడ్డం పాలియెస్టర్ కలిపి చూశాను. ఫెదరర్ నిలువుకు ఆవు పేగుతో చేసిన న్యాచురల్ గట్ వాడేవాడు, ఆ ధర నాకు అందదు. నెల రోజులు హాయిగా ఆడాను, పాలియెస్టర్ చచ్చిపోగానే మోచెయ్యి మళ్లీ గుర్తుచేసింది. మానేశాను.

మన ఎండల గురించి ఒక మాట. మే నెలలో కొత్త గట్టింగ్ ఉన్న రాకెట్‌ని మధ్యాహ్నమంతా కారు డిక్కీలో వదిలేశాను. మర్నాడు బంతి కోర్టు చివరి గీత, బేస్‌లైన్, దాటిపోతూనే ఉంది. వేడికి తీగ వదులైపోయింది. ఇప్పుడు రాకెట్ నాతోపాటే ఇంట్లోకి వస్తుంది.

ఇరవై ఏళ్ల వాళ్లు, బలంగా తిప్పి కొట్టేవాళ్లు, మల్టీని పది రోజుల్లో తెంపేవాళ్లు పాలియెస్టర్ వేయించుకోండి, కానీ తేదీ చూసి కోయించండి. నేను ప్లాస్టర్ ముక్క మీద తేదీ, టెన్షన్ రాసి రాకెట్ గొంతు దగ్గర అంటిస్తాను. మొన్న రాసింది 50 పౌండ్లు. ఇంకా నూగు లేవలేదు.