స్క్రైబస్‌లో తెలుగు డబుల్ స్ప్రెడ్: డాక్యుమెంటరీల ప్రచార పేజీలకు ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను: అచ్చు పేజీలు అమర్చే స్క్రైబస్ చూడముచ్చటైన సాఫ్ట్‌వేర్ కాదు. మెనూలు పాతకాలపువి, కావలసింది ఎక్కడుందో వెతుక్కోవాలి, ఎఫ్2 నొక్కితే వచ్చే ప్రాపర్టీస్ పలక తెరలో సగాన్ని ఆక్రమిస్తుంది. అయినా కొన్నేళ్లుగా డాక్యుమెంటరీల ప్రచారానికి పత్రికల్లో వచ్చే డబుల్ స్ప్రెడ్ (ఎదురెదురు పేజీలు రెండింటినీ కలిపి వేసేది) పని అంటే నేను దీన్నే తెరుస్తున్నాను. ఉచితం కావడం ఒక కారణం. డాక్యుమెంటరీ తీసేవాళ్ల దగ్గర ప్రచారానికి మిగిలే డబ్బు ఎంతో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి అది చిన్న కారణం కూడా కాదు. కానీ అసలు కారణం వేరే ఉంది. ఇది మనిషిని ప్రెస్సు గురించి ఆలోచించేలా చేస్తుంది. తెరమీద బొమ్మ బాగుందని మురిసిపోనివ్వదు.

తెలుగువాళ్లకు మొదటి ప్రశ్న అక్షరాల గురించే. 1.4 వరుస వెర్షన్లలో యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరిపోయి చదవడానికి వీల్లేకుండా ఉండేది. 2017లో వచ్చిన 1.5.3లో హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రాము ఆధారంగా అక్షరాలు కూర్చే పద్ధతి తెచ్చారు. 2024 జనవరిలో 1.6.0 స్థిరమైన వెర్షన్‌గా విడుదలైంది. కాబట్టి ఎవరైనా పాత అనుభవంతో ‘దాంట్లో తెలుగు రాదు’ అంటే ఆ మాటకు కాలం చెల్లింది. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వంటి మాటలు ఇప్పుడు సరిగ్గానే కూర్చుకుంటాయి. 1.6లో దాచిన ఫైలు మాత్రం 1.4లో తెరుచుకోదు. కలిసి పనిచేసేవాళ్లంతా ఒకే వెర్షన్‌లో ఉండాలి.

ఈ సమీక్షలో ఉదాహరణగా తీసుకునే పని సురభి నాటక సమాజాల మీద ఒక యువ దర్శకురాలు తీసిన డాక్యుమెంటరీకి చేసిన స్ప్రెడ్. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించడంతో మొదలైన పరంపర అది. తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నటులు. రంగులద్దిన తెరలు, తీగల మీద గాలిలో తేలే పాత్రలు, దీపాల మాయలు ఉంటాయి. పేజీకి బొమ్మల కొరత ఉండదని ఎవరైనా అనుకుంటారు. సినిమా నిండా బొమ్మలే, కానీ అచ్చుకు పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఎదురెదురుగా రెండు ఏ4 పేజీలు, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కటింగులో పోయే అదనపు అంచు) కలిపితే 42.6 సెం.మీ. వెడల్పు, 30.3 సెం.మీ. ఎత్తు. మంచి ఆర్ట్ పేపరు మీద అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు అడుగుతారు. 1920×1080 ఫ్రేము ఆ లెక్కన 16 సెం.మీ. వెడల్పు దాటితే చాలదు. 4కే ఫ్రేమైనా, అంటే 3840×2160 అయినా, స్ప్రెడ్ ఎత్తుకు సాగదీస్తే అంగుళానికి 181 పిక్సెళ్లే మిగులుతాయి. పైగా సినిమా చట్రం 16:9, స్ప్రెడ్ అంతకంటే పొట్టి వెడల్పు. ఎత్తుకు సరిపెడితే పక్కల నుంచి 11 సెం.మీ.కు పైగా కోసేయాలి. దర్శకురాలు ఎంతో ఆలోచించి పెట్టుకున్న కూర్పులో అయిదో వంతు పోతుంది. ఇదంతా పిక్సెళ్ల గొడవ. దీనికి తోడు మసక. సెకనుకు 25 ఫ్రేములతో తీసేవాళ్లు సాధారణంగా షట్టరును సెకనులో 50వ వంతు దగ్గర ఉంచుతారు. కదలిక తెరమీద సాఫీగా కనిపించడానికి అది అవసరం. అదే ఫ్రేమును ఆపి అచ్చువేస్తే గద ఎత్తిన భీముడి చెయ్యి మేఘంలా ఉంటుంది. అందుకే డాక్యుమెంటరీ తీసేవాళ్లు ఎవరు కలిసినా నేను చెప్పే మాట ఒకటే: చిత్రీకరణ రోజుల్లోనే పక్కన ఒక స్టిల్ కెమెరా ఉంచండి, నిలువు ఫొటోలు కూడా తీయించండి.

ఇక్కడే స్క్రైబస్ పనికొస్తుంది. బొమ్మను చట్రంలో పెట్టగానే, ఆ సైజులో దానికి అంగుళానికి నిజంగా ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపిస్తుంది. పీడీఎఫ్ తీయబోయే ముందు ప్రీఫ్లైట్ వెరిఫయర్ వచ్చి తక్కువ రిజల్యూషన్ బొమ్మలు, దొరకని ఫైళ్లు, చట్రంలో పట్టక కిందికి దాగిపోయిన పాఠం, అన్నిటినీ వరసగా బయటపెడుతుంది. మొదట్లో విసుగనిపిస్తుంది. తర్వాత అది లేకుండా ఫైలు పంపాలంటే భయం వేస్తుంది.

స్ప్రెడ్ ఏర్పాటు సులభమే. కొత్త డాక్యుమెంటులో ఎదురెదురు పేజీల అమరిక ఎంచుకుని, మొదటి పేజీ ఎడమవైపు అని చెబితే రెండు పేజీలూ పక్కపక్కన వస్తాయి. పీడీఎఫ్ తీసినప్పుడు మాత్రం ఏ పేజీకి ఆ పేజీ విడిగానే వస్తుంది, రెండూ కలిసిన ఒకే వెడల్పు పేజీ రాదు. దీన్ని లోపంగా చెప్పేవాళ్లున్నారు. ప్రెస్సులు అడిగేది విడి పేజీలనే కాబట్టి నాకు అడ్డు రాలేదు. దర్శకులకు చూపించే నమూనాకే ఇబ్బంది. విడి పేజీలు పంపితే వాళ్లు ఒకదాని కింద ఒకటి చూసి ‘ముఖం సగమే ఉందేమిటి?’ అని ఫోను చేస్తారు. నమూనా కోసం 42 సెం.మీ. వెడల్పు ఒంటి పేజీ ఫైలు ఇంకొకటి చేసిపెట్టుకోవడం తప్పదు.

ఇక నడిమి మడత. డబుల్ స్ప్రెడ్‌లో సగం పని దాని చుట్టూనే. పత్రిక సెంటర్ పిన్నింగా (మధ్య మడతలో పిన్నులు కొట్టేది), పర్ఫెక్ట్ బైండింగా (వెన్నుకు గమ్ము పట్టించేది) అన్నది అడగకుండా ఒక్క గీత కూడా గీయకూడదు. పిన్నింగు పత్రికలో సరిగ్గా మధ్య స్ప్రెడ్ ఒకే కాగితం. అక్కడ బొమ్మ మడత మీదుగా హాయిగా పరుచుకుంటుంది. మిగతా ఏ స్ప్రెడ్ అయినా రెండు వేరు కాగితాల సగాలు. అచ్చులో రంగు కొద్దిగా తేడా పడవచ్చు, కటింగులో గీత ఒక వెంట్రుకవాసి పైకో కిందికో జరగవచ్చు. కాబట్టి మడత దాటే సన్నటి అడ్డగీతలు, ఏటవాలు తీగలు ప్రమాదం. సురభి తీగలు సరిగ్గా అలాంటివే. పర్ఫెక్ట్ బైండింగులో మరో బాధ: గమ్ము పట్టే వైపు ఒక్కో పేజీలో కొన్ని మిల్లీమీటర్లు లోపలికి మింగుడుపడతాయి. దానికి నేను వాడే ఉపాయం, ఒకే బొమ్మను రెండు చట్రాల్లో పెట్టి, బొమ్మ ఎడమ సగాన్ని ఎడమకు, కుడి సగాన్ని కుడికి నాలుగు మిల్లీమీటర్లు జరపడం. మడత దగ్గర సన్నటి పట్టీ రెండు పేజీల్లోనూ మళ్లీ వస్తుంది. పత్రిక తెరిచినప్పుడు ఆ పట్టీ లోపలికి పోయి బొమ్మ అతికినట్టు కనిపిస్తుంది. స్క్రైబస్‌లో చట్రం లోపల బొమ్మ స్థానాన్ని అంకెల్లో ఇవ్వవచ్చు కనుక ఈ పని నిమిషంలో అయిపోతుంది.

శీర్షిక మడత మీదుగా పోవాలని ప్రతి దర్శకుడికీ కోరిక. సరే, కానీ మడత రెండు మాటల మధ్య ఖాళీలో పడాలి. అక్షరం మధ్యలో పడితే ‘మా’ కాస్తా ‘వా’లా కనిపించినా ఆశ్చర్యం లేదు. మా స్ప్రెడ్‌లో ఎడమ పేజీలో 1885 అనే అంకెను పేజీ ఎత్తులో మూడో వంతు వేసి, శీర్షిక మొత్తం కుడి పేజీకే పరిమితం చేశాను. దర్శకురాలు మొదట ఒప్పుకోలేదు. ప్రింటు తీసి మడిచి చూపించాక ఒప్పుకున్నారు. తెరమీద వాదించడం దండగ.

ఫాంట్ల సంగతి. శీర్షికకు రామభద్ర, పాఠానికి మండలి ఇప్పటికీ నా మొదటి ఎంపిక. రెండూ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత తెలుగు ఫాంట్లలోవే, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. గంభీరంగా ఉండే కథనానికి టిరో తెలుగు బాగుంటుంది. మండలికి ఒకే మందం ఉంది. స్క్రైబస్ లేని బోల్డును అక్షరాలు ఉబ్బించి పుట్టించదు. వర్డ్‌లో అలవాటుపడినవాళ్లు ‘బోల్డ్ బటన్ పనిచేయడం లేదు’ అని తిట్టుకుంటారు, నాకు మాత్రం ఈ నిజాయితీ నచ్చింది. అనెక్ తెలుగు లాంటివి వేరియబుల్ ఫైళ్లుగా (అన్ని మందాలూ ఒకే ఫైలులో ఉండేవి) దించుకుంటే ఇందులో సుఖం లేదు, విడివిడి మందాల స్టాటిక్ ఫైళ్లే పెట్టుకోవాలి. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు రెండూ చోటు అడుగుతాయి కనుక 11 పాయింట్ల మండలికి 16 లేదా 17 పాయింట్ల వరుస దూరం ఇస్తాను. రెండు వైపులా సమంగా సర్దే పాఠం ఇరుకు కాలమ్‌లో పెట్టవద్దు. మన మాటలు పొడుగు, మాటల మధ్య ఖాళీలు పెరిగి వరుసల్లో నదులు పారతాయి. ఎడమకు సర్ది వదిలేయడమే మేలు.

పత్రికల నుంచి వచ్చే పాఠం ఇప్పటికీ చాలాసార్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంటుంది. యూనికోడ్‌లోకి మార్చాకే ఇక్కడ పనికొస్తుంది. మార్చేటప్పుడు పొల్లు హల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు (జెడ్‌డబ్ల్యూఎన్‌జే) రాలిపోతుంటుంది. ‘ఫ్రేమ్‌లో’ అన్నది ‘ఫ్రేమ్లో’ అవుతుంది, ‘హాల్‌కు’ అన్నది ‘హాల్కు’ అవుతుంది. పాఠాన్ని లిబ్రె ఆఫీస్‌లో దిద్ది, సాదా పాఠంగా తెచ్చుకోవడం ఉత్తమం. స్క్రైబస్‌లోనే కూర్చుని పేరాలకు పేరాలు దిద్దడం నాకు ఎన్నడూ సుఖంగా లేదు. పొడుగు తెలుగు పాఠం ఉంటే కర్సరు వెనకబడుతుంది, చేసిన మార్పును వెనక్కి తీసుకోవడం పాఠం విషయంలో నమ్మకంగా ఉండదు. మొత్తం పత్రికను ఇందులో పేజినేషన్ చేయమంటే నేను ఒప్పుకోను. రెండు పేజీలు, పెద్ద బొమ్మలు, మూడు వందల మాటలు, అంతవరకు దీనికి తిరుగులేదు.

రంగుల దగ్గరే ఈ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ మార్కులు వేస్తాను. రంగస్థలం మీద నీలం, గులాబీ ఎల్‌ఈడీ దీపాలు వేసినప్పుడు తెరమీద కనిపించే ఆ మెరిసే నీలం నాలుగు ఇంకుల్లో లేనే లేదు. సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే ఆ నాలుగు ఇంకుల్లోకి, మార్చగానే వంగపండు రంగుకు దిగిపోతుంది. దాన్ని లాగి పట్టుకోవాలని సయాన్, మెజెంటా రెండూ నూరు శాతం పెడితే ఇంకా ఊదాగా తిరుగుతుంది. మెజెంటాను తగ్గించి, చుట్టూ ఉన్న రంగుల్ని అణిచి, నీలం వెలిగినట్టు భ్రమ కల్పించడమే దారి. ఆ మార్పు నేను క్రితా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చేసుకుంటాను, అందులో సీఎంవైకే నేరుగా ఉంది. స్క్రైబస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి ప్రెస్సు చెప్పిన ఐసీసీ ప్రొఫైలు (అచ్చులో రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) ఇస్తే, అచ్చులో ఎలా ఉండబోతుందో తెరమీదే దాదాపుగా తెలుస్తుంది. ప్రింట్ ప్రివ్యూలో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ప్లేట్లను (ఒక్కో ఇంకుకు ఒక్కో అచ్చు రేకు) ఒక్కొక్కటిగా చూడవచ్చు, ఎక్కడ ఇంకు పరిమితి దాటుతోందో చూపించమనవచ్చు. నాటకం చీకట్లో తీసిన ఫొటోల్లో నల్లటి భాగాలు నాలుగు ఇంకులూ కలిసి 350 శాతం దాకా పోతాయి. ఆర్ట్ పేపరుకు 300 దగ్గర ఆపమంటారు, న్యూస్‌ప్రింటుకు 240. దాటితే ఇంకు ఆరక పక్క కాగితానికి అంటుకుంటుంది.

చీకటి ఫొటో మీద తెల్లక్షరాలు వేయాలన్న మోజు డాక్యుమెంటరీ వాళ్లకు ఎక్కువ. ఇంగ్లిషుకు 8 పాయింట్లలో నడిచిపోతుంది. తెలుగులో తలకట్టు మలుపులు, వట్రసుడి, చిన్న ఒత్తులు, వీటన్నిటి లోపలి ఖాళీల్లోకి ఇంకు నిండుతుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి రవ్వంత జరిగినా అంతే. నాలుగు ఇంకుల నలుపు మీద 12 పాయింట్లకు తక్కువ తెలుగును నేను వేయను. సాంకేతిక నిపుణుల పేర్లు, ప్రదర్శన వివరాలు ఎప్పుడూ లేత రంగు పట్టీ మీద, నల్ల ఇంకు ఒక్కదానితో ఉంటాయి.

క్యూఆర్ కోడ్ స్క్రైబస్‌లోనే తయారవుతుంది, ఇన్సర్ట్ మెనూలో బార్‌కోడ్ కింద ఉంది. దానికి గోస్ట్‌స్క్రిప్ట్ అనే మరో ఉచిత ప్రోగ్రాము ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ట్రైలర్ చిరునామా పొడుగైతే గళ్లు సన్నబడతాయి కనుక ముందే పొట్టి చిరునామా చేసుకోవాలి. రెండు సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, నలుపు ఒక్క ఇంకుతో, చుట్టూ తెల్లటి అంచు వదిలి, మడతకు దూరంగా బయటి మూలన పెట్టండి. ఫొటో మీద పెట్టి అందంగా ఉందనుకునేవాళ్లు ఒకసారి ఫోనుతో చదివించి చూడాలి.

బొమ్మల ఫైళ్లు బరువైతే స్క్రైబస్ నత్తనడక నడుస్తుంది. బొమ్మ మీద కుడి క్లిక్ చేసి ప్రివ్యూను తక్కువ రిజల్యూషన్‌కు మారిస్తే తేలిక పడుతుంది, అచ్చు నాణ్యతకు ఏమీ కాదు. బొమ్మలు ఫైలు లోపలికి రావు, లంకె మాత్రమే ఉంటుంది. ఫైలు మరో కంప్యూటరుకు తీసుకెళ్లాలంటే ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’ వాడాలి.

పత్రికలవాళ్లు కొందరు ‘ఓపెన్ ఫైలు ఇవ్వండి, మేము దిద్దుకుంటాం’ అంటారు. వాళ్ల దగ్గరుండే అద్దె సాఫ్ట్‌వేర్‌లలో స్క్రైబస్ ఫైలు తెరుచుకోదు. అచ్చు కోసమే ఉద్దేశించిన పీడీఎఫ్/ఎక్స్ రూపంలోనే ఇస్తాను. 1.6లో ఎక్స్-1ఎ, ఎక్స్-3, ఎక్స్-4 మూడూ ఉన్నాయి, ప్రెస్సు ఏది అడిగితే అది. శీర్షిక ఫాంటు మీద అనుమానం ఉంటే ఎగుమతి చేసేటప్పుడు అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చమనే వీలుంది. చివరి నిమిషంలో మారేది దాదాపు ఎప్పుడూ ప్రదర్శన స్థలమో, తేదీనో. ఆ రెండు వరుసల్నీ నల్ల ప్లేటుకే పరిమితం చేయడం వల్ల ప్లేట్లు దిగిన తర్వాత హాలు మారినా ప్రెస్సువాళ్లు మార్చవలసింది ఒక్క నల్ల ప్లేటే, మిగతా మూడు అలాగే మిషను మీద ఉంటాయి.